అమ్మది పనికిరాలేదట

పోయిన నెల మన గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. మీలో చాలామంది వినే ఉంటారు. డాలస్‌లో ఉండే ఒక చెల్లెలు పెట్టింది. ఇండియాలో వాళ్ల అన్నయ్యకి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్, అమ్మ తన కిడ్నీ ఇస్తానంటోంది, అంతా సవ్యంగా జరగాలని దేవుడికి దండం పెట్టుకోండి అని. రెండు నిమిషాల్లో గ్రూపంతా చేతులు జోడించిన బొమ్మలే. "అమ్మంటే అమ్మే", "నడిచే దేవత". నేనూ ఒక దండం పెట్టి, పొయ్యి మీద పప్పు చూసుకోవడానికి వెళ్లిపోయాను. ఆ అమ్మ వయసెంత, ఆవిడకి బీపీ ఉందా, ఆవిడ కిడ్నీలు ఎలా ఉన్నాయి అని ఒక్కరం కూడా అడగలేదు.

మూడు వారాల తర్వాత ఆ చెల్లెలే ఇంకో మెసేజ్ పెట్టింది. మూడే మాటలు. "అమ్మది పనికిరాలేదట అక్కా."

నేను ఫోన్ చేశాను. తను సరేనన్నాకే ఇదంతా రాస్తున్నాను. వాళ్లమ్మగారికి 62 ఏళ్లు. పదేళ్లుగా బీపీ మాత్ర. మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు వేరే. కిడ్నీ ఇవ్వడానికి చేసే పరీక్షల్లో ఆవిడ కిడ్నీల పనితీరు ఉండాల్సినదాని కంటే బాగా తక్కువగా ఉందని, మూత్రంలో ప్రోటీన్ పోతోందని తేలింది. మళ్లీ చేశారు, అదే వచ్చింది. దాతగా వద్దన్నారు డాక్టరు. ఇంటిల్లిపాదీ ఏడ్చారట, కొడుక్కి దారి మూసుకుపోయిందని. ఆవిడ కొడుకు చెయ్యి పట్టుకుని "నన్ను క్షమించు నాన్నా" అందట.

ఆవిడకి కిడ్నీ జబ్బు ఉందని తెలిసిన రోజు అది. దాని గురించి ఆ ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఆవిడ కూడా.

ఆ ఇంటిని తప్పుపట్టడానికి కాదు ఇదంతా చెప్పడం. మన ఇళ్లన్నీ అంతే. ఆడదాని కిడ్నీ ఎవరికైనా కావాల్సి వస్తేనే దాన్ని పరీక్ష చేయిస్తాం. ఆవిడ కోసం ఆవిడకి చేయించం. ఇది మానుకోవాలి అంటున్నాను, ఎందుకు అంటున్నానో వివరంగా చెబుతాను. కాస్త ఓపిగ్గా చదవండి, లెక్కలు కూడా ఉన్నాయి.

ముందు ఆ క్రియాటినిన్ సంగతి. ఇండియా నుంచి రిపోర్టు ఫొటో వస్తుంది కదా, మనం చూసేది ఆ అంకె పక్కన నల్లటి అక్షరాలు ఉన్నాయా లేదా అని. లేకపోతే "నార్మలే అమ్మా" అని చెప్పేస్తాం. క్రియాటినిన్ మన కండరాల నుంచి రక్తంలోకి వచ్చేది. కండ ఎక్కువున్న మనిషికి ఎక్కువ, తక్కువున్న మనిషికి తక్కువ. సన్నగా ఉండే, కూర్చుని కూరలు తరుక్కునే, పప్పూ పెరుగూ తినే మన అమ్మల ఒంట్లో కండ తక్కువ. కిడ్నీ సగం అలసిపోయినా ఆ అంకె మర్యాదగానే కనిపిస్తుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. అరవై రెండేళ్ల ఆయన, అరవై రెండేళ్ల ఆవిడ, ఇద్దరికీ క్రియాటినిన్ 1.1 అనుకోండి. చాలా ల్యాబుల కాగితం మీద ఇద్దరూ నార్మలే. అదే అంకెని వయసు, ఆడామగా చూసి ఈజీఎఫ్ఆర్‌గా మారిస్తే, అంటే కిడ్నీలు ఎంత వడపోస్తున్నాయో లెక్క కడితే, అమెరికాలో ఇప్పుడు వాడుతున్న 2021 నాటి సూత్రం ప్రకారం ఆయనకి 76 వస్తుంది. ఆవిడకి 57. అరవై కంటే తక్కువ మూడు నెలలకు పైగా నిలకడగా ఉంటే దాన్ని కిడ్నీ జబ్బు కిందే లెక్కేస్తారు. ఒకే కాగితం, ఒకే అంకె, ఒకే మంచం మీద పడుకునే ఇద్దరు మనుషులు.

57 అనగానే డయాలసిస్ అని గుండె బాదుకోవక్కర్లేదు. చాలామందికి అక్కడే ఏళ్ల తరబడి ఆగుతుంది. కానీ ఆగుతోందా జారుతోందా అని తెలియాలంటే రెండో పరీక్ష కావాలి, మూత్రంలో ఆల్బుమిన్ ఎంత పోతోందో చూసే ఏసీఆర్. 30 దాటితే ఎక్కువ కింద లెక్క. ఉపవాసం అక్కర్లేదు, పొద్దున్నే చిన్న డబ్బాలో పట్టి ఇస్తే చాలు. ఇండియాలో కొన్ని వందల రూపాయలతో అయిపోతుంది. షుగర్ కోసం మూడు నెలలకోసారి వేలు గుచ్చి, కొలెస్టరాల్ కోసం ఏడాదికోసారి రక్తం ఇచ్చే వాళ్లు కూడా ఇది చేయించుకోరు. డాక్టరు రాయకపోతే మనమే అడగాలి. క్రియాటినిన్ మీద అనుమానం ఉంటే సిస్టాటిన్ సి అని ఇంకో రక్తపరీక్ష ఉంది, అది కండ మీద అంతగా ఆధారపడదు. 2024లో వచ్చిన అంతర్జాతీయ కిడ్నీ మార్గదర్శకాలు వీలైన చోట రెండూ కలిపి చూడమనే చెబుతున్నాయి.

మీ అమ్మగారో అత్తగారో ఆరు నెలలు ఉందామని ఇక్కడికి వస్తున్నారనుకోండి. పచ్చళ్లు, ఒడియాల లిస్టు పంపేటప్పుడు ఈ రెండు పరీక్షలూ కూడా అందులో రాయండి. వచ్చాక ఇక్కడ చేయిద్దాంలే అంటే, విజిటర్ ఇన్సూరెన్సు వాళ్లు పాత జబ్బు అన్న మాట కోసమే ఎదురుచూస్తుంటారు.

ఇప్పుడు మీకో అనుమానం రావచ్చు. తెలుసుకుని ఏం చేస్తాం, కిడ్నీ జబ్బుకి మందు లేదు కదా, ఉన్న మనశ్శాంతి పోవడం తప్ప? ఈ మాట పదేళ్ల కింద అయితే నేనూ సగం ఒప్పుకునేదాన్ని. అప్పటికి ఉన్నవి బీపీ మందుల్లో ఒక జాతి, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటివి. అవి ఇప్పటికీ పునాది మందులే. కానీ 2019 నుంచి కథ మారింది. షుగర్‌కని పుట్టిన మందులు కిడ్నీని కాపాడుతున్నాయని వరసగా పెద్ద పెద్ద పరిశోధనల్లో తేలింది. 2020లో డపాగ్లిఫ్లోజిన్ మీద వచ్చినదాన్ని చూడండి. 4304 మంది, వాళ్లలో మూడోవంతు మందికి అసలు షుగరే లేదు. సుమారు రెండున్నరేళ్లు చూస్తే, మామూలు మందులే వాడినవాళ్లలో నూటికి 14, 15 మందికి కిడ్నీ పనితీరు సగానికి పడిపోవడమో, డయాలసిస్ దాకా వెళ్లడమో, ఆ జబ్బుతో గానీ గుండెజబ్బుతో గానీ పోవడమో జరిగింది. ఇది కూడా కలిపి వాడినవాళ్లలో తొమ్మిది మందికి. మేలు అంత స్పష్టంగా ఉండటంతో ఆ ట్రయల్‌ని అనుకున్నదాని కంటే ముందే ఆపేశారు. తర్వాత ఎంపాగ్లిఫ్లోజిన్‌తో 6609 మంది మీద చేసినదీ అదే దారి చూపించింది. 2024లో సెమాగ్లుటైడ్, అదేనండి, మనం బరువు తగ్గే ఇంజెక్షన్ అని గుసగుసలాడుకునేది, షుగర్ ఉన్న కిడ్నీ రోగుల్లో ఇలాంటి ప్రమాదాలని దాదాపు నాలుగోవంతు తగ్గించిందని తేలింది.

ఇంకో మంచి సంగతి. డపాగ్లిఫ్లోజిన్ పేటెంట్ ఇండియాలో 2020లోనే ముగిసింది. అక్కడ బోలెడు కంపెనీలు చవగ్గా అమ్ముతున్నాయి. ఇక్కడ మనం ఇన్సూరెన్సుతో కుస్తీ పట్టే మందు, అక్కడ వీధి చివర మెడికల్ షాపులో దొరుకుతోంది.

దొరుకుతోందని కొనుక్కుని వేసుకోకండి, వేయించకండి. డాక్టరు చూసే రాయాలి. ముఖ్యంగా ఆడవాళ్లు తెలుసుకోవాల్సినవి రెండు మూడున్నాయి, ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను. ఈ గ్లిఫ్లోజిన్ మందులతో చక్కెర మూత్రంలో పోతుంది, అందువల్ల ఆడవాళ్లకి కింద దురద, ఫంగస్ ఇన్ఫెక్షన్ ఎక్కువగా వస్తాయి. అమ్మలు సిగ్గుపడి ఎవరికీ చెప్పరు, చప్పుడు చెయ్యకుండా మందు మానేస్తారు. దానికి తేలిగ్గా తగ్గే మందులున్నాయి, చెబితే చాలు. రెండోది ఉపవాసాలు. కార్తీక మాసమంతా పగలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని అమ్మలు మనకున్నారు. ఒంట్లో తిండీ నీళ్లూ లేనప్పుడు, వాంతులూ విరేచనాలూ అవుతున్నప్పుడు ఈ మందు వేసుకుంటే రక్తంలో ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు, షుగర్ ఉన్నవాళ్లకి మరీ. ఏ రోజు ఆపాలో, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ముందే డాక్టర్ని అడిగి పెట్టుకోవాలి. మూడోది, మొదలుపెట్టిన కొత్తలో ఈజీఎఫ్ఆర్ కాస్త తగ్గుతుంది. అది ఎదురుచూసేదే. పక్కింటావిడ చూసి "మందు పడలేదు" అంటే ఆపేయకండి. పిల్లల్ని కనాలనుకునే అమ్మాయిలైతే ఇవీ, ఆ సార్టాన్ మందులూ వాడకూడదు, డాక్టరుకి ముందే చెప్పాలి.

ఈ పరిశోధనలన్నిట్లోనూ ఒకటి నాకు మింగుడుపడలేదు. దీర్ఘకాల కిడ్నీ జబ్బు ప్రపంచం మొత్తం మీద ఆడవాళ్లలోనే ఎక్కువ. కానీ ఇందాక చెప్పిన ట్రయల్స్‌లో చేరినవాళ్లలో ఆడవాళ్లు సుమారు మూడోవంతే. డయాలసిస్ దాకా చేరేవాళ్లలోనూ మగవాళ్లే ఎక్కువ. మగవాళ్లలో జబ్బు వేగంగా ముదురుతుందన్నది ఒక కారణం. ఇంకో కారణం ఏమిటో మనకి డాక్టర్లు చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో వారానికి మూడుసార్లు బస్సెక్కించి ఎవరిని తీసుకెళ్తారు, ఎవరు "నాకెందుకులే" అని ఇంట్లో కూర్చుంటారు, మనం చూడలేదా?

ఇక ఇవ్వడం సంగతికొద్దాం. ఇండియాలో 2019 నుంచి 2023 దాకా బతికుండగా అవయవాలు ఇచ్చినవాళ్లలో నూటికి 63 మందికి పైగా ఆడవాళ్లు. పుచ్చుకున్నవాళ్లలో నూటికి దాదాపు 70 మంది మగవాళ్లు. అమెరికాలోనూ బతికుండగా కిడ్నీ ఇచ్చేవాళ్లలో పదిమందికి ఆరుగురికి పైనే ఆడవాళ్లు. అందుకని ఇది మన తెలుగువాళ్ల పాపమే అనుకోనక్కర్లేదు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. భార్యకి భర్త ఇవ్వకపోవడానికి ప్రతిసారీ ఇష్టం లేకపోవడమే కారణం కాదు. పిల్లల్ని కన్న స్త్రీ ఒంట్లో ఆ గర్భాల వల్ల భర్త కణాలకి, పిల్లల కణాలకి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారై ఉండవచ్చు. అప్పుడు వాళ్ల కిడ్నీ ఆవిడకి సరిపడదు. మన మగవాళ్లకి నలభై దాటేసరికి బీపీ, షుగర్ ఉండటం వల్ల కూడా దాతలుగా తీసుకోరు. ఇవన్నీ నిజాలే. కానీ పరీక్ష దాకా వెళ్లి కాదనిపించుకోవడం వేరు, "ఆయన సంపాదించాలి కదమ్మా" అని మొదటి రోజే ఆయన పేరు లిస్టులోంచి తీసేయడం వేరు. ఈ రెండోదాని గురించే నా గొడవ.

ఇవ్వొద్దని నేను అనడం లేదు. ఇచ్చినవాళ్లు నాకు తెలుసు, వాళ్ల ముఖంలో తృప్తీ తెలుసు. ఇచ్చేముందు ఈ అంకెలు మీ చేతిలో ఉండాలంటున్నాను. ఆపరేషన్ అయిన మూడు నెలల్లోపు దాత చనిపోయే ప్రమాదం అమెరికాలో 1990ల్లో పదివేలకి ముగ్గురు ఉండేది, 2013 నుంచి 2022 మధ్య పదివేలకి ఒక్కరి కంటే తక్కువకి వచ్చింది. 2024లో వచ్చిన లెక్క ఇది. చాలా మంచి మాట. జీవితకాలంలో దాతకే కిడ్నీ ఫెయిలయ్యే అవకాశం పదివేలకి 90 అని 2014లో అంచనా కట్టారు. ఇవ్వని ఆరోగ్యవంతుల్లో అది 14. "మామూలు జనంతో పోలిస్తే దాతలకే తక్కువ" అని కొందరు చెబుతారు, అదీ అబద్ధం కాదు, ఎందుకంటే మామూలు జనంలో షుగర్, బీపీ ఉన్నవాళ్లంతా కలిసి ఉంటారు. మీరు అడగాల్సింది మీలాంటి ఆరోగ్యవంతురాలితో పోల్చి చెప్పమని. ఇక పిల్లలు పుట్టాల్సిన వయసులో ఉన్న అమ్మాయిలు వినండి. కెనడాలో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో, కిడ్నీ ఇచ్చాక గర్భం దాల్చినవాళ్లలో నూటికి 11 మందికి గర్భిణీ బీపీ గానీ ప్రీఎక్లాంప్సియా గానీ వచ్చింది. ఇవ్వనివాళ్లలో ఐదుగురికి. ఎక్కువమందికి తల్లీబిడ్డా క్షేమమే. కానీ ఈ మాట తెలియకుండా ఏ కొత్తకోడలూ సంతకం పెట్టకూడదు.

పంది కిడ్నీ మనిషికి పెట్టారని వీడియో మన గ్రూపుల్లో ఎన్నిసార్లు తిరిగిందో గుర్తుందా? న్యూయార్క్‌లో 2024 నవంబరులో అలా పెట్టించుకున్న టొవానా లూనీ కథ మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చెయ్యలేదు. ఆవిడది అలబామా. 1999లో తన కిడ్నీ తల్లికి ఇచ్చింది. తర్వాత గర్భం సమయంలో బీపీ పెరిగి, ఉన్న ఒక్క కిడ్నీ దెబ్బతింది. 2016లో డయాలసిస్ మొదలైంది. ఒకప్పుడు కిడ్నీ ఇచ్చినవాళ్లకి ఇక్కడ వెయిటింగ్ లిస్టులో ముందు వరస ఇస్తారు, అయినా ఒంట్లో యాంటీబాడీల వల్ల ఏ మనిషి కిడ్నీ సరిపడలేదు. పంది కిడ్నీ 130 రోజులు పనిచేసింది. తర్వాత శరీరం తిరస్కరించడంతో తీసేసి మళ్లీ డయాలసిస్‌కి వెళ్లింది. ఇలా అందరికీ జరగదు, చాలా అరుదు. అయినా సైన్సు అద్భుతం అని మనం చప్పట్లు కొట్టిన వార్తలో ఉన్నది తల్లికి కిడ్నీ ఇచ్చిన ఒక కూతురు.

కాబట్టి అడుగుతారు, లేదా మీరే ఇస్తానంటారు. అప్పుడు ఏం చెయ్యాలి? డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలి. అమెరికాలో ప్రతి ట్రాన్స్‌ప్లాంట్ సెంటర్‌లోనూ దాత తరఫున మాత్రమే మాట్లాడే మనిషి ఒకరు ఉండి తీరాలని నియమం. ఆయనో ఆవిడో మీ మనిషి, రోగి మనిషి కాదు. మనసు ఒప్పుకోకపోతే ఆపరేషన్ బల్ల ఎక్కేముందు దాకా వద్దనవచ్చు. కారణం ఇంట్లో చెప్పక్కర్లేదు, "ఈమె దాతగా తగరు" అని మాత్రమే ఆసుపత్రివాళ్లు చెబుతారు. ఇండియాలో 2014 నాటి అవయవ మార్పిడి నియమాల్లో దాత స్త్రీ అయితే ఇంకా ఎక్కువ జాగ్రత్త తీసుకోవాలని, ఆవిడ స్వతంత్రంగా ఒప్పుకుందో లేదో పుచ్చుకునే మనిషి కాక వేరొకరు నిర్ధారించాలని రాసే ఉంది. ఆ గదిలో పక్కన అత్తగారు కూర్చుని ఉంటే ఆ నియమం కాగితం మీదే ఉన్నట్టు. మీరు వీడియో కాల్‌లో అయినా ఆ మాట అడగండి.

బ్లడ్ గ్రూపు కలవలేదంటే దారి మూసుకుపోయినట్టు కాదు. ఇద్దరు జంటలు దాతల్ని మార్చుకునే పద్ధతి ఇక్కడ మామూలు, ఇండియాలో 2011 సవరణ నుంచి చట్టంలోనే ఉంది. "మా ఆయనది సరిపడలేదు" అని ఊరుకోకుండా ఆయన్ని మార్పిడి లిస్టులో పెట్టించవచ్చు. 2025 ఆగస్టులో ఇండియాలో అవయవ దానాలని చూసే జాతీయ సంస్థ నోట్టో, వెయిటింగ్ లిస్టులో ఉన్న స్త్రీలకి ప్రాధాన్యం ఇవ్వమని రాష్ట్రాలకి సూచించింది. కొందరు మగవాళ్లు ఇదేం న్యాయం అన్నారు. నాకైతే ఆలస్యంగా జరిగిన మంచిపనే అనిపించింది. కాకపోతే లిస్టులో పేరే లేని మనిషికి ప్రాధాన్యం ఇచ్చి లాభమేముంది? పేరు రాయించేది ఇంట్లోవాళ్లే కదా.

ఇచ్చేసిన వాళ్ల గురించి కూడా. అమెరికాలో ఇస్తే రెండేళ్ల దాకా సెంటర్ వాళ్లు దాతల వివరాలు పంపాలి, ఆ తర్వాత అడిగేవాళ్లు ఉండరు. ఇక్కడికొచ్చి తమ్ముడికో అన్నకో కిడ్నీ ఇచ్చి వెనక్కి వెళ్లిన అక్కలు మనలో ఉన్నారు. ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్. పుచ్చుకున్న తమ్ముడి పుట్టినరోజున ఆవిడకి పరీక్ష చేయించండి, డబ్బు తమ్ముణ్ణి కట్టమనండి. నేను సరదాకి అనడం లేదు.

డాలస్ చెల్లెలి ఇంటి సంగతి. అన్నయ్య పేరు జీవన్‌దాన్‌లో రాయించారు, డయాలసిస్ నడుస్తోంది. ఇన్నాళ్లూ "వాడికి చిన్నపిల్లలు" అని ఎవరూ అడగని వాళ్ల రెండో అన్నయ్య తనంతట తనే వెళ్లి పరీక్షలు మొదలుపెట్టాడట. అమ్మగారికి మోకాళ్ల మాత్రలు ఆపించారు, బీపీ మందు మార్చారు, కొత్త మందు ఒకటి కలిపారు. "నాకెందుకే ఇన్ని మందులు" అంటోందట, అయినా వేసుకుంటోంది.

ఇదంతా రాయడం మొదలుపెట్టిన రోజు రాత్రి నేను మా అమ్మకి మెసేజ్ పెట్టాను, నీ కిడ్నీ రిపోర్టు ఉంటే ఫొటో తీసి పంపమ్మా అని. పొద్దున్న లేచేసరికి నాలుగు ఫొటోలు వచ్చి ఉన్నాయి, ఒక్కటీ మసకలేకుండా, తేదీల వరసలో. నాలుగూ నాన్నవే.